అరవై మూడు కొమ్మలు

లాండ్రీలో ఇస్త్రీ బల్ల దగ్గర పదకొండేళ్లు నిలబడ్డాక ఆమె మోకాళ్లు మొరాయించాయి. కూర్చుని చేసే పని ఏదైనా ఉంటే బాగుండునని వెతుక్కుంటే కార్డుల పని దొరికింది. పుట్టినరోజులకీ, పెళ్లిరోజులకీ, ఆసుపత్రిలో ఉన్నవాళ్లకీ పంపుకునే చేతికార్డులు. నాలుగేళ్లు తిరిగేసరికి వీధిలో అందరికీ ఆమె కార్డులావిడ అయిపోయింది. పెళ్లి చేసుకోలేదు. భర్త పోయిన అక్కతో కలిసి రెండు గదుల ఇంట్లో ఉండేది. అక్క ఇంకా అదే లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టేది.

కిటికీ పక్కన బల్ల మీద ఆమె సరంజామా అంతా ఉండేది. చేత్తో తిప్పే చిన్న రోలర్ మిషను, ఉక్కు డైలు, ప్లాస్టిక్ స్టెన్సిళ్లు. అట్ట మీద డై పెట్టి, రెండు పలకల మధ్య ఇరికించి పిడి తిప్పితే ఆ ఆకారం తెగి చేతిలోకి వస్తుంది. స్టెన్సిల్‌కి అంత బలం అక్కర్లేదు, దాని బొక్కల్లోంచి రంగు అద్దుకుంటే చాలు.

లాండ్రీ మూసేస్తున్నారని తెలిసిన వారం మేనేజరు స్వయంగా ఇంటికి వచ్చాడు. అక్కడ పనిచేసే అరవై మూడు మంది పేర్ల జాబితా బల్ల మీద పెట్టాడు.

"అందరికీ ఒక్కో థాంక్యూ కార్డు కావాలమ్మా. లోపల పేరు మీరే రాయండి. అన్నీ ఒకేలా ఉండాలి, తేడా వస్తే నా ప్రాణం తీస్తారు."

"ఒకేలానే ఉంటాయి సార్," అంది. అప్పటికి ఆ మాట నిజమే.

ఏడాకుల కొమ్మ ఉన్న డై ఒకటి తీసింది. ఆకుపచ్చ అట్టలోంచి కొమ్మను కోసి, వెనక నురగ ముక్కలు అంటించి, తెల్ల కార్డు మీద కాస్త ఎత్తుగా నిలబెట్టింది. జాబితాలో పై నుంచి పేర్లు రాసుకుంటూ వెళ్లింది. ముందు ఆఫీసు వాళ్లు, తర్వాత డ్రైవర్లు, వాషింగు వాళ్లు. ఇరవయ్యో కార్డుకి కుడి మణికట్టు వాచిపోయింది. పిడి తిప్పితే మోచేతి దాకా జివ్వున లాగేది.

కొమ్మలు కోయగా మిగిలిన ఆకుపచ్చ అట్టలు పక్కన ఇరవై పడి ఉన్నాయి. ఒకదాన్ని వెలుతురుకి ఎత్తి చూసింది. కొమ్మ ఉండాల్సిన చోట కొమ్మ ఆకారంలో బొక్క. దాని వెనక నీలం కాగితం అంటించి చూస్తే బాగానే ఉంది. ఇరవై కార్డులు పిడి ముట్టుకోకుండా అయిపోయాయి. ఇస్త్రీ సెక్షనుకి అవే వెళ్లాయి.

తర్వాత ఆరబెట్టేవాళ్ల పన్నెండు కార్డులకి కొమ్మ స్టెన్సిల్ పెట్టి, చిన్న కత్తితో తెల్లని పేస్టు రాసింది. పేస్టు గట్టిపడేలోపు ప్రతిసారీ స్టెన్సిల్‌ని కడగాలి. నీళ్లలో నాని వేళ్లు ముడతలు పడ్డాయి. లాండ్రీ వదిలినా నీళ్లు తనను వదల్లేదనుకుంది. ఆఖరి పదకొండు కార్డులకి రంగూ పెట్టలేదు, కోతా పెట్టలేదు. స్టెన్సిల్ మీద కార్డు, దాని మీద రబ్బరు రేకు వేసి మిషనులో ఒత్తింది. పిడి తేలిగ్గా తిరిగింది. తెల్ల కార్డు మీద తెల్లగానే కొమ్మ ఉబ్బింది. పక్కనుంచి వెలుతురు పడితే తప్ప కనిపించదు. జాబితాలో ఆఖరున ఉన్నది మడత సెక్షను. ఆ పదకొండు మందిలో అక్క ఒకతె.

కార్డులు పంచిన రోజు మధ్యాహ్నం అక్క ఇంటికి వచ్చి, చెప్పులు విప్పకుండానే కార్డు బల్ల మీద పెట్టింది.

"నాది ఖాళీగా ఉందేంటి?"

"ఖాళీ కాదక్కా, ఇటు వంచి చూడు."

"నేను వంచి చూస్తాను సరే. అక్కడ వాళ్లు ఎలా చూస్తున్నారో తెలుసా నీకు?"

కంపెనీకి ఇంకో ఊళ్లో మరో లాండ్రీ ఉంది. ఇక్కడి వాళ్లలో కొందరిని అక్కడికి తీసుకుంటారని నెల నుంచి గుసగుసలు నడుస్తున్నాయి. ఎత్తు కొమ్మ వచ్చినవాళ్లను తీసుకుంటారనీ, బొక్క కొమ్మ, పేస్టు కొమ్మ వాళ్లు అనుమానమేననీ, తెల్ల కార్డు వాళ్ల పని అయిపోయిందనీ అందరూ తేల్చేసుకున్నారు. ఇస్త్రీ బల్ల దగ్గర ఆమెకు పని నేర్పిన, అందరూ బాబాయ్ అని పిలిచే పెద్దాయన తన కార్డు జేబులో పెట్టుకుని, అన్నం డబ్బా మూత కూడా తియ్యలేదట.

మర్నాడు ఆమె లాండ్రీకి వెళ్లింది. గేటు దగ్గరే మేనేజరు ఎదురొచ్చాడు. "ఒకేలా చెయ్యమన్నాను కదమ్మా," అన్నాడు. కోపం కంటే నీరసమే ఎక్కువగా ఉంది ఆ గొంతులో.

మడత హాల్లో అందరూ చేరారు. ఆమె వాచిన మణికట్టు ఎత్తి చూపించింది.

"ఆ కార్డుల్లో ఏ గుట్టూ లేదు. జాబితా పై నుంచి చేసుకుంటూ వచ్చాను. ఇరవై అయ్యేసరికి చెయ్యి పడిపోయింది. అక్కణ్ణుంచి చెయ్యి ఎలా ఒప్పుకుంటే అలా చేశాను."

"మరి ఆఫీసు వాళ్లకే మంచివి ఎందుకొచ్చాయి?" వెనక నుంచి ఎవరో అడిగారు.

"జాబితాలో వాళ్లే ముందున్నారు."

"వాళ్లెప్పుడు వెనకున్నారులే," అన్నాడు బాబాయ్. కొందరు నవ్వారు.

ఇక మేనేజరు నోరు విప్పక తప్పలేదు. ఇంకో ఊళ్లోని లాండ్రీకి తీసుకునేది ఆరుగురినే, అదీ డ్రైవర్లనే అని చెప్పాడు. నవ్వులు ఆగిపోయాయి. తెల్ల కార్డుల వాళ్లు ఉన్నచోటే ఉన్నారు. ఎత్తు కొమ్మ చేతపట్టుకున్న వాషింగు మనిషి ఒకడు మాత్రం గోడకు చేరగిలబడ్డాడు. రాత్రే ఇంట్లో సామాను సర్దుకోమని చెప్పాడట. ఆమె అతని వైపు చూసి తల దించుకుంది.

తిరిగి వస్తుంటే దారిలో అక్క అంది: "ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. నాది అలసిపోయి చేశావా, నా కోసమని అలా చేశావా?"

నీ కోసమే అనడం ఎంతసేపు. కానీ నోరు రాలేదు.

"అలసిపోయే చేశానక్కా. నీ పేరు వచ్చేసరికి అది నీ పేరని కూడా తెలియలేదు."

"దుప్పట్లు అలానే మడతపెడతాను నేను," అంది అక్క. "నాలుగో గంట తర్వాత ఏది ఎవరిదో ఎవడికి తెలుసు."

లాండ్రీ శనివారం మూతపడింది. రెండు నెలలకు అక్కకి ఓ ఆసుపత్రి బట్టల గదిలో పని దొరికింది, సగం రోజు. బాబాయ్ మళ్లీ పనికి వెళ్లలేదు. కార్డులావిడ ఆ తర్వాత ఏ ఆఫీసుకీ కట్టలకొద్దీ చేస్తానని ఒప్పుకోలేదు. ఒకటీ రెండూ అడిగినవాళ్లకు చేసేది, అదీ ఎవరికోసమో ముందే అడిగి తెలుసుకుని. మణికట్టు పూర్తిగా నయం కాలేదు.