ఆమెకు భాష లేదన్నారు

మా అమ్మ హౌరా పక్కన టికియాపారా రైల్వే క్వార్టర్స్‌లో కాపురానికి వచ్చి నలభై ఏళ్ళు దాటింది. అయినా ఆమెకు వచ్చిన బెంగాలీ అంతా సంతలో నేర్చిందే. చేప ఎంత, ఉల్లిపాయ ఎంత, కుళాయి ఎప్పుడొస్తుంది. అంతకు మించి అవసరం పడలేదు. మా లైన్లో ఇళ్ళన్నీ శ్రీకాకుళం వైపు నుంచి పట్టాల పనికి వచ్చినవాళ్ళవే. చర్చిలో ప్రార్థన తెలుగు, పక్కింటివాళ్ళతో తగువు తెలుగు.

నేను జైలుకు వెళ్ళాక అమ్మ మొదటిసారి ములాకాత్‌కు వచ్చింది. ఆమె ముందొక ఇనుపజాలీ, నా ముందొక ఇనుపజాలీ, మధ్యలో మనిషి నడిచేంత ఖాళీ. "ఏటే, ఎలాగున్నావే?" అని అమ్మ అనగానే ఆడ వార్డరు లాఠీతో జాలీ మీద కొట్టింది. ఆడ వార్డర్లను అక్కడ జమాదార్ని అంటారు. ఆ భాష కుదరదు, బెంగాలీలోనో హిందీలోనో మాట్లాడాలి, మీరేం మాట్లాడుకుంటున్నారో మాకు తెలియాలి, అంది. అమ్మ రెండు చేతులతో జాలీ పట్టుకుంది. తర్వాత, "భాత్ ఖేయెఛిస్?" అంది. అన్నం తిన్నావా అని. తిన్నానన్నాను. అంతటితో ఆమె దగ్గరున్న బెంగాలీ అయిపోయింది. గంట కొట్టేదాకా ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకుంటూ నిలబడ్డాం.

నేను జైలుకెందుకు వెళ్ళానో చెప్పాలి. న్యూ టౌన్‌లో ఒక ఫ్లాట్‌లో మంచాన పడ్డ పెద్దావిడకు ఆయాగా ఉండేదాన్ని. ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం, వేళకు మందులివ్వడం నా పని. ఒక మధ్యాహ్నం గంజి తాగి పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు. అప్పటికే ఆమె కొడుకూ కూతురూ ఆ ఫ్లాటు కోసం కొట్టుకుంటున్నారు. తల్లి చావు మామూలు చావు కాదని ఒకరన్నారు, అయితే ఆ పని నీదేనని రెండోవారన్నారు. ఇద్దరూ కలిసి ఒప్పుకోగలిగిన మాట ఒకటే మిగిలింది: ఆయా మందు ఎక్కువ వేసింది. సాయంత్రానికి నేను పోలీసు జీపులో ఉన్నాను. బెయిలు రాలేదు. విచారణ ఖైదీగా నాలుగేళ్ళు గడిచిపోయాయి.

రెండో ఏడు వానాకాలంలో మా వార్డుకు ఒక ముసలామెను తెచ్చారు. నుదుటి మీద మానుతున్న గాయం, కమిలిన చెయ్యి. తెచ్చిన జమాదార్ని, ఇది పిచ్చిది, దీనికి భాష లేదు, ఏదో కూస్తుంది, దగ్గరికి పోకండి, అని హెచ్చరించింది. పిల్లల్ని ఎత్తుకుపోయే కేసు అని కూడా చెప్పింది. ఆ మాటతో వార్డంతా ఆమెకు దూరం జరిగింది. లోపల పసిపిల్లలతో ఉన్న తల్లులున్నారు. ఆమె వేళ్ళు నల్లగా మాడినట్టుండటం చూసి ఏదో చర్మరోగమనుకుని నీళ్ళ మగ్గు కూడా ముట్టుకోనివ్వలేదు.

మర్నాడు కుళాయి దగ్గర ఒకామె ఆమెను నెట్టేసింది. ముసలామె పాచిలో జారి కూలబడి, "ఓలమ్మో, సంపేస్తన్నారే" అంది.

నా చేతిలో బకెట్టు వదిలేశాను. జైలుకొచ్చాక ఇంకొకరి నోట తెలుగు వినడం, అమ్మ ఆ రోజు అన్న ఒక్క ముక్క తప్పితే, అదే మొదటిసారి. దగ్గరకెళ్ళి రెక్క పట్టి లేపుతూ, "దెబ్బ తగిలిందేటి పిన్నమ్మా?" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. నా గడ్డం పట్టుకుని ఆ పక్కకూ ఈ పక్కకూ తిప్పి చూసింది. "తెలుగు గుంటవా? నిజంగా తెలుగు గుంటవేనా నువ్వు?" అంది. ఆ తర్వాత మాట్లాడటం మొదలుపెట్టింది. పొద్దున్నుంచి మధ్యాహ్నం వంట దాకా ఆపకుండా మాట్లాడింది. నేను రొట్టెలు వత్తుతుంటే పక్కన కూర్చుని మాట్లాడింది. పిచ్చిదానికి మాటొచ్చిందని వార్డులో అందరూ వింతగా చూశారు.

ఆమెది పలాస దగ్గర పల్లె. జీడిపిక్కలు కొట్టే పని. వేళ్ళ నలుపు ఆ పనిదే. కొడుకు ఆటో నడుపుతాడు. ఊళ్ళోవాళ్ళు కాశీ యాత్రకు బయల్దేరితే వాళ్ళతో కలిసి వచ్చింది. హౌరాలో రైలు మారాలి. మంచినీళ్ళ కోసం వెళ్ళి, తిరిగొచ్చేసరికి తనవాళ్ళు కనపడలేదు. ఏ ప్లాట్‌ఫారం చూసినా ఒకేలా ఉంది. తెలిసిన మొహం కోసం తిరుగుతుంటే, సామాన్ల గుట్ట పక్కన రెండేళ్ళ పాప ఒకత్తీ ఏడుస్తూ కనిపించింది.

"నాలాగే తప్పిపోనాదనుకున్నాను పాపా," అంది. "ఎత్తుకుని, ఎవుల పిల్లమ్మా ఇది, ఎవుల పిల్లమ్మా అని అందర్నీ అడిగినాను. నా మాట ఒక్కుడికీ అర్తం కానేదు. ఎవుడో అరిసినాడు. ఇంకేటుంది, ఒకడి తరవాత ఒకడు కొట్టినారు. పిల్లని కింద పడకుండ పట్టుకున్నాను. అదే తప్పయిపోనాది. ఒగ్గమంటే ఒగ్గనేదని ఇంకా కొట్టినారు."

పోలీసులు వచ్చి పాపను తల్లికిచ్చారు, ఈమెను స్టేషనుకు తీసుకెళ్ళారు. పేరేమిటని బెంగాలీలో అడిగారు. ఆమెకు అర్థంకాక, "ఏటి?" అంది. మళ్ళీ అడిగారు. మళ్ళీ "ఏటి?" అంది. వాళ్ళకది ఇతి అని వినపడింది, అది బెంగాలీ ఆడవాళ్ళకు మామూలుగా ఉండే పేరు. అదే రాసుకున్నారు. కోర్టులోనూ జైల్లోనూ ఆమె ఇతి అయింది. ఊరు తెలియదు, మతి స్థిమితం లేదు అని కాగితాల్లో రాశారు.

ఇదంతా విని నేను జైలు ఆఫీసుకు వెళ్ళాను. ఈమెకు పిచ్చి లేదు, తెలుగు మాట్లాడుతోంది, అసలు పేరిది, ఊరిది అని చెప్పాను. అక్కడున్న ఆఫీసరు ఓపిగ్గానే విన్నారు. పై వాళ్ళకు రాస్తామన్నారు. రాశారు కూడా. తర్వాతి వాయిదాకు ఆమెను కోర్టుకు తీసుకెళ్ళారు. సాయంత్రం వచ్చి, "ఏటో అడిగినారు, నానేటో సెప్పినాను, మల్లా బండెక్కించీసినారు," అంది. విచారిస్తే తెలిసింది. తెలుగు తెలిసిన దుబాసీ దొరకలేదట. నేనున్నాను కదా అంటే, ఖైదీ చెప్పే అనువాదం చెల్లదన్నారు. ఆ తర్వాతి వాయిదాకూ దుబాసీ దొరకలేదు. ఆ తర్వాత కూడా. ఆమె ఊరికి తెలుగులో ఉత్తరం రాస్తే, చదివి చూసేవాళ్ళు లేరని ఆఫీసులోనే ఆపేశారు.

నాకు నవ్వొచ్చింది. ఏడవడం మానేసి చాలాకాలమైంది కాబట్టి నవ్వే వచ్చింది. ఆ కోర్టు ముందు వీధి ఊడ్చేవాళ్ళలో సగం మంది తెలుగువాళ్ళు. దాని మురుగు కాలవలోకి దిగేది తెలుగువాళ్ళు. జడ్జిగారు ఎక్కే లోకల్ రైలు పట్టాలు బిగించింది మా నాన్న లాంటి గ్యాంగ్‌మన్లు. కిటికీ తెరిచి కేకేస్తే పలికేవాళ్ళు. ఎవరూ తెరవలేదు.

అలా ఆమెకు నేను నోరయ్యాను. డాక్టరు దగ్గర నేను, గొడవల్లో నేను. ఆమె మా ఊరి మాటలు నాకు గుర్తుచేసేది. మా నాయనమ్మతోనే పోయాయనుకున్న మాటలు. నాకు జ్వరమొస్తే రాత్రంతా తల పట్టింది. "మీ యమ్మ సూడ్డానికొస్తే నా పేరున కూడా పలకరించు," అనేది. ఎలా పలకరించను? ఆ జాలీ దగ్గర మా అమ్మకూ నాకూ ఉన్నది అదే ఒక్క ముక్క. భాత్ ఖేయెఛిస్?

నాలుగో ఏడు నా కేసు తేలింది. కేసు పెట్టిన అన్నాచెల్లెళ్ళు ఫ్లాటు అమ్ముకుని, పంచుకుని, ఎవరి దారిన వాళ్ళు పోయారు. సాక్ష్యానికి ఎన్నిసార్లు పిలిచినా రాలేదు. నేను చంపలేదని కోర్టు అనలేదు. చంపినట్టు రుజువు కాలేదంది. సరే, తలుపైతే తెరిచారు.

వెళ్ళేటప్పుడు ముసలామె నా కొంగు పట్టుకుంది. "నువ్వెలిపోతే నానెవులితో మాటాడాల?" అంది. నేను ఊరికెళ్ళి మీవాళ్ళను తీసుకొస్తానన్నాను. పలాస స్టేషను నుంచి ఇంటికి దారి చెప్పింది. చెప్పి, నన్ను తిరిగి చెప్పమంది. చెప్పాను. మళ్ళీ చెప్పమంది.

కొన్ని నెలలకు కాస్త తేరుకున్నాక అమ్మా నేనూ రైలెక్కాం. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. ఆమె చెప్పినట్టే జీడిపిక్కల బట్టీ, దాని వెనక వీధి. లోపలికి వెళ్ళగానే గోడ మీద ఆమె ఫొటో, దానికి దండ. కొడుకు కుర్చీ వేశాడు. మీ అమ్మ బతికే ఉంది, కలకత్తా జైల్లో ఉంది, అని చెప్పాను. అతను నా మీద మండిపడ్డాడు. డబ్బు గుంజే మోసగత్తెనని అనుకున్నాడేమో. అప్పుడు ఆమె నాకు చెప్పినవి ఒక్కొక్కటే చెప్పాను. అతని చిన్నప్పుడు పాము కరిస్తే భుజాన వేసుకుని ఆసుపత్రిదాకా పరిగెత్తడం, కోడలు కడుపుతో ఉన్నప్పటి కోరికలు. కోడలు వెళ్ళి స్టూలెక్కి దండ తీసేసింది.

"నాను ఎతకనేదనుకున్నావేటి?" అన్నాడతను, ఏడుస్తూ. "పొటో పట్టుకుని హౌరా అంతా తిరిగినాను. పోలీసు టేసన్లో ఆ పేరుగల మనిసి నేదన్నారు. ఆసుపత్రులు సూసినాను, బిచ్చగాల్లని సూసినాను, శవాల్ని కూడా సూసినాను. జైలు సూడనేదు. అమ్మని జైల్లో ఎవులెతుకుతారమ్మా?"

మాతోనే బయల్దేరి వచ్చాడు. ములాకాత్ జాలీకి ఈసారి నేను ఇవతలి పక్క నిలబడ్డాను. ముసలామెను తెచ్చారు. చిక్కిపోయింది. జుట్టు కత్తిరించేశారు. "అమ్మా!" అని కొడుకు అరిచాడు. జమాదార్ని లాఠీ ఎత్తింది. ఆమె నాకు తెలిసిన మనిషే. నన్ను చూసి, లాఠీ దించి, మొహం పక్కకు తిప్పుకుంది. ఎంత తెలుగు కావాలంటే అంత మాట్లాడుకోవచ్చు.

కానీ ముసలామె మాట్లాడలేదు. కొడుకు పిలుస్తూనే ఉన్నాడు. చాలాసేపటికి పెదవులు కదిపి, "గున్‌తీ హయేఛే?" అంది.

కొడుకు నా వైపు తిరిగాడు. "ఏటంతంది?"

లెక్క అయిందా అని అడుగుతోంది, అన్నాను. పొద్దునా సాయంత్రం ఖైదీల్ని లెక్కపెడతారు. తల్లి మాటను కొడుక్కి నేను తెలుగు చేసి చెప్పాల్సి వచ్చింది.

ఆ తర్వాత కూడా కోర్టు వెంటనే వదల్లేదు. ఆధార్ కార్డు మీద పేరు ఒకటి, కేసులో పేరు ఒకటి. ఉచితంగా వాదించే లాయరమ్మ ఒకామె కష్టపడి, హౌరా స్టేషన్లో ఏడుస్తూ కనిపించిన ఆ పాప తల్లిని వెతికి పిలిపించింది. ఇటుకబట్టీలో పనిచేసే మనిషి. కోర్టులో నిలబడి, నా పిల్లే తప్పిపోయింది, ఈమె ఎత్తుకుని నా కోసం అడుగుతోంది, ఆ రోజే పోలీసులకు చెప్పాను, ఆ తర్వాత నన్నెవరూ అడగలేదు, అంది. అయిదు నిమిషాలు పట్టలేదు ఆ మాట చెప్పడానికి. మర్నాడు ముసలామెను వదిలేశారు.

ఇప్పుడు ఊళ్ళోనే ఉంది. కొడుకు అప్పుడప్పుడూ ఫోను చేస్తాడు. తెలుగు మళ్ళీ వచ్చిందట. అన్నం బాగానే తింటోంది, బట్టీకి పోతానని గొడవ చేస్తోంది. అయితే మనవరాలిని మాత్రం ఎత్తుకోదు. పాప ఏడుస్తూ కాళ్ళను చుట్టుకుంటే రెండు చేతులూ పైకెత్తి నిలబడి కోడల్ని కేకేస్తుందట. "అదెప్పటికి పోతాదమ్మా?" అని అడుగుతాడు. నాకేం తెలుసు?

నా సంగతి చెప్పడానికి పెద్దగా లేదు. ఆయా పనికి ఎక్కడికెళ్ళినా పోలీసు విచారణ కాగితం అడుగుతారు. నిర్దోషినని చెబితే, అలాగా, అని తలుపు వేసేస్తారు. రైల్వేలో కొత్తగా చేరిన పెళ్ళికాని కుర్రాళ్ళకు వంట చేసిపెడుతున్నాను. జరిగిపోతోంది.

కిందటి ఈస్టరుకు ముందు ఒక ఆదివారం చర్చిలో పాస్టరుగారు నన్ను లేచి సాక్ష్యం చెప్పమన్నారు. దేవుడు ఒక అభాగ్యురాలి కోసం మన బిడ్డను ఆ చెరసాలలోకి పంపాడు, ఆయన సంకల్పం మనకర్థం కాదు, అన్నారు. అందరూ వెనక్కి తిరిగి నన్ను చూశారు. అమ్మ నా పక్కన తల వంచుకుని కూర్చుంది.

లేచాను. "ఆవిడ కోసం నన్ను జైల్లో పెట్టక్కర్లేదండి," అన్నాను. "మనలో ఒకళ్ళని పిలిస్తే చాలు. హౌరా టేసనుకి ఇక్కణ్ణుంచి ఎంత దూరం? నాలుగేళ్ళు నన్ను, అన్నాళ్ళు ఆవిడ్ని మూసిపెట్టింది మనుషులు. ఆ పని దేవుడి మీద పెట్టకండి. నేను సాక్ష్యం చెప్పను."

కూర్చున్నాను. ఎవరో దగ్గారు. పాస్టరుగారు పాట నంబరు చెప్పారు, అందరూ గబగబా పుస్తకాలు తెరిచారు.

బయటికొచ్చాక అమ్మ నాకన్నా ముందు నడిచింది. "ఇంక నేను చర్చికి రానులే," అన్నాను.

"ఎందుకు రావు?" అంది అమ్మ. నడుస్తున్నదల్లా ఆగింది. "ఆ దేవుడు ఆల్లొక్కలికే దేవుడేటి? వస్తావు. నా పక్కనే కూకుంటావు."

తర్వాతి ఆదివారం వెళ్ళాను. ఎవరూ సాక్ష్యం అడగలేదు.