గంధం పూసిన ఫ్లాపీలు

ఒక మనిషి తన పెళ్ళిని తన చేతుల్తోనే, అదీ గంధం కుంకుమ పెట్టి మరీ, చెడగొట్టుకోబోవడం మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే కాస్త దగ్గరికి జరగండి, చెబుతాను. ఈ కథలో ప్రాణనష్టం లేదు గానీ పరువునష్టం పుష్కలంగా ఉంది. పోయిన పరువంతా నాదే కాబట్టి మీరు మొహమాటం లేకుండా నవ్వుకోవచ్చు.

మద్రాసు పేరు మార్చుకుని చెన్నై అయిన కొత్తలు. ఆ ఊళ్ళోని చూలై పేటలో కింద నాయన ఇత్తడి సామాను టోకు కొట్టు, పైన మా కాపురం. ఆ పైన ఇంట్లో, తూర్పు గోడకు ఆనించిన బల్ల మీద, మా అవ్వ అల్లిన లేసుగుడ్డ కప్పుకుని ఒక కంప్యూటరు ఉండేది. నల్ల తెర, తెల్ల అక్షరాలు, పాతకాలపు సిస్టమ్. దాంతో నేను చేసిన ఘనకార్యం ఒక్కటే, జాతకాల ప్రోగ్రాం వేసి వీధిలో వాళ్ళందరికీ జాతకాలు అచ్చు తీసి ఇవ్వడం. ఆ ప్రింటరు కీచుమంటూ చక్రాలు గీస్తుంటే జనం చేతులు కట్టుకుని నిలబడి చూసేవాళ్ళు. నేను కంప్యూటరు కోర్సు చదివిన వాణ్ణని, సర్టిఫికెట్ చట్రం కట్టించి గోడకు తగిలించినవాణ్ణని కూడా ఇక్కడే చెప్పేస్తాను. తర్వాత ఈ విషయం నన్ను చాలా బాధపెడుతుంది.

ఆ రోజుల్లోనే మాధవరంలో పశువుల దాణా వ్యాపారం చేసే గోవిందస్వామిగారి అమ్మాయి సుమతిని చూడ్డానికి వెళ్ళాం. కేసరి వచ్చింది, కాఫీ వచ్చింది, సుమతి వచ్చింది. నాకు కేసరి రుచి తెలియలేదు. ఆ పిల్ల నన్ను అడిగింది ఒకే ఒక్క ప్రశ్న.

"మీ ఇంట్లో కంప్యూటర్ ఉండాదంట గదా, దాంట్లో ఏ సిస్టమ్? పాతదా, కిటికీలు కిటికీలుగా తెరుచుకునే కొత్తదా?"

ఆ పిల్లా కంప్యూటరు కోర్సే చదువుతోందని నాకెవరూ చెప్పలేదు. "కొత్తదే" అన్నాను. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమన్నారు పెద్దలు. నేను ఒక్కటే ఆడాను, అది చాలు ఇంత కొంప ముంచడానికి.

ఎందుకంటే వెంటనే గోవిందస్వామిగారు తొడ చరిచి, "మంచిది బాబూ! జోస్యుడయితే మనిషి, మొహం చూసి మాట మారుస్తాడు. మిషను అబద్ధం చెప్పదు గదా. విజయదశమి నాడు మీ ఇంటికే వస్తాం. మీ మిషన్లోనే ఇద్దరి జాతకాలూ వేసి చూద్దాం. పొరుత్తం, అదే పొంతన, కుదిరితే ఆడనే తాంబూలాలు" అన్నాడు. పెళ్ళికి ముందు ఆడపిల్ల మగపిల్లవాడి గడప తొక్కకూడదు గదా అని మా అమ్మ నసిగితే, "మిషను సంగతి మాకేం తెలుసు? మా పాప చదివింది, అది చూసి సరే అంటేనే మాకు నిమ్మళం" అని ఆయనే తేల్చేశాడు.

అంటే పండగలోగా నేను కంప్యూటరును కొత్త సిస్టమ్‌కు మార్చాలి. లేదా సుమతి ముందు అబద్ధాలకోరుగా నిలబడాలి. ఆ పిల్ల నాకు అంతగా నచ్చింది కాబట్టి రెండోది కుదరదు. ముందు నాయనతో మొదలుపెట్టాను.

"ఇప్పుడుండేది పని చేస్తా ఉండాది గదా?" అన్నాడు నాయన.

"చేస్తా ఉండాది నాయనా."

"మరి మార్చేదెందుకు?"

"కొత్తది వచ్చింది గదా."

"కొత్తది వచ్చిందని నేను మీ అమ్మను మారిస్తినా?"

వంటింట్లో గరిటె ఒకటి ఠంగుమని కిందపడింది. నాయన ఆ విషయం మీద ఇక నోరు విప్పలేదు.

తర్వాత సంపత్. వీడు నా స్నేహితుడు, కంప్యూటర్లు బిగించి అమ్మేవాడు. కొత్త సిస్టమ్ ఫ్లాపీల కట్ట తెచ్చి నా ఒళ్ళో పడేశాడు.

"ఎన్న మచ్చా, ఇంకా యోచన చేస్తా ఉండావు? కొత్తది వేస్తే మిషను పరుగెత్తుతాది."

"జాతకం ప్రోగ్రాం దాంట్లో పని చేస్తాదా?"

"సూపరా చేస్తాది. హార్డ్ డిస్క్ మొత్తం తుడిచేసి, శుభ్రంగా వెయ్యి."

"ముందు బ్యాకప్ తీసుకోవాల గదా?"

"కొత్తింట్లో చేరేటప్పుడు పాత చీపురు ఎత్తుకోని పోతారా ఎవురన్నా? జాతకం ఫ్లాపీ నీకాడ ఉండాది గదా, మళ్ళీ వేసుకుంటే సరి."

అయినా నాకు ధైర్యం చాల్లేదు. మార్చాలా వద్దా, మారిస్తే ఎప్పుడు మార్చాలి? ఎవరిని అడగాలో తోచక చివరికి ఆ జాతకాల ప్రోగ్రాంనే అడిగాను. అవునండీ, దాంట్లో ముహూర్తాలు చూసే ఏర్పాటు కూడా ఉంది. 'నూతన కార్యారంభం' అన్న చోట మీట నొక్కితే పాపం అది తనను తుడిచేసే పనికే ముహూర్తమని తెలియక, విజయదశమి ఉదయం దివ్యంగా ఉందని కీచుమంటూ అచ్చు తీసి ఇచ్చింది. కోడిపుంజునే అడిగి పండగ రోజు నిర్ణయించినట్టు, నేను ఆ కాగితం కళ్ళకద్దుకున్నాను.

ముందురోజు ఆయుధపూజ. చూలై సంగతి తెలియనివాళ్ళకు చెబుతున్నాను, ఆ రోజు మా వీధిలో బొట్టు లేని ఇనుము కనపడదు. నాయన తక్కెడ, స్కూటరు, అమ్మ కుట్టుమిషను, కత్తిపీట, ఆఖరికి మేకు కొట్టే సుత్తి, అన్నిటికీ గంధం కుంకుమ పెట్టి, బొరుగులు శనగలు నైవేద్యం పెట్టి, మర్నాటి దాకా ముట్టుకోకూడదు. అన్నిటికీ అధికారి మా అవ్వ. కంప్యూటరు మొహానికి మూడు బొట్లు పెట్టించి, పక్కనున్న ఫ్లాపీల వైపు చూసింది.

"ఇవేందిరా, చిన్న పలకల మాదిరి ఉండాయి?"

"ఇవే అవ్వా రేపు వెయ్యబోయేది. కొత్త సిస్టమ్ అంతా వీట్లోనే ఉండాది."

"అట్లయితే వీటికి పెట్టవా? సరస్వతి గదరా!"

ఫ్లాపీల మీది కాగితం ముక్కలకు బొట్లు పెట్టాను. అవ్వకు నచ్చలేదు.

"దీంట్లో అది యాడ ఉండాది?"

ఇక్కడ నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు. కానీ కోర్సు చదివాను గదా, పాఠం చెప్పబుద్ధయింది. ఫ్లాపీకి ఉండే చిన్న రేకును పక్కకు జరిపి, "ఈడ అవ్వా. లోపల నల్లగా కనపడేది చూడు, అదే అసలు సరుకు" అన్నాను.

"మరి ఆడ పెట్టు. స్వామిని లోపల పెట్టుకోని తలుపుకు బొట్టు పెడ్తారా ఎవురన్నా?"

ఆ నల్లదాన్ని వేలితో కూడా తాకకూడదన్నది మా కోర్సులో మొదటి పాఠం. సర్టిఫికెట్ నా నెత్తికి సరిగ్గా మూరెడు ఎత్తున వేలాడుతోంది. కానీ మీతో నిజం చెబుతాను, అవ్వ మాటకు ఎదురు చెప్పలేకపోవడం ఒక్కటే కాదు, నాకు లోపల బెదురుగా ఉంది. సుమతి దక్కాలి, అబద్ధం బయటపడకూడదు. దేవుడి సాయం కాస్త ఉంటే మంచిదే గదా అనిపించింది. ఎండిపోతుందిలే అనుకుని, ఒక్కో రేకూ జరిపి, ఒక్కో నల్లబిళ్ళకూ భక్తిగా గంధం పెట్టి, దాని మీద కుంకుమ అద్దాను. జాతకాల ఫ్లాపీ ఇంటికి ఇన్నాళ్ళు సేవ చేసింది కాబట్టి దానికి రెండు వైపులా పెట్టాను.

విజయదశమి తెల్లవారింది. తలస్నానం చేసి, పట్టుపంచె కట్టి, కంప్యూటరు ముందు కూర్చున్నాను. మిషను లేపే ఫ్లాపీ ఒకటి పూజప్పుడు డ్రైవులోనే ఉండిపోయి గంధం తప్పించుకుంది. దాంతో హార్డ్ డిస్క్ మొత్తం తుడిచేశాను. అద్దంలా అయింది. ఇక కొత్త సిస్టమ్ మొదటి ఫ్లాపీ తోశాను.

గర్ర్... గర్ర్... టుక్ టుక్ టుక్.

ఫ్లాపీ చదవలేకపోతున్నాను, మళ్ళీ ప్రయత్నించమని తెర మీద వచ్చింది. మళ్ళీ ప్రయత్నించాను. గది నిండా గుళ్ళో వాసన వచ్చింది. రెండో ఫ్లాపీ పెట్టాను, అదే పాట. జాతకాల ఫ్లాపీ పెట్టాను, టుక్ టుక్. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం లోకంలో ఉన్నదే. నేను ఆకుల్ని కూడా ముందే కాల్చుకున్నాను. సంపత్‌కు ఫోన్ చేశాను.

"ఫ్లాపీలకు ఏం చేసినావు నువ్వు?"

"పూజ చేసినా."

"బయటే గదా?"

నేను వేలికంటిన కుంకుమ పంచెకు తుడుచుకున్నాను.

"డేయ్! రేకు తీసి లోపల పెట్టినావా?"

"ఆమా."

వాడు ఫోన్ పక్కన పెట్టి నవ్వడం వినపడింది. తేరుకుని, "గంధం డ్రైవు హెడ్డుకు అంటుకోనుంటాది. ఇంక నువ్వేది పెట్టినా చదవదు. నేను మా అత్తగారింట్లో ఉండాను, రేపు వచ్చి చూస్తా" అన్నాడు.

రేపటితో నాకేం పని? వాళ్ళొచ్చేది ఇవాళ. అనుకుంటూ ఉండగానే కింద కారు ఆగింది. గోవిందస్వామిగారు జాతకం కాగితం పసుపుగుడ్డలో చుట్టుకుని మెట్లెక్కాడు. వెనకే వాళ్ళావిడ, ఆ వెనక సుమతి. అందరూ కంప్యూటరు చుట్టూ పెళ్ళిపందిట్లోలా సర్దుకుని కూర్చున్నారు.

"కానీ బాబూ, మొదలుపెట్టు" అన్నాడాయన.

మొదలుపెట్టడానికి ఏముంది? పట్టుపంచె సర్దుకుంటూ తెర ముందు నిలబడ్డాను. సుమతి నా పక్కకొచ్చి, ముక్కుతో రెండుసార్లు గాలి పీల్చి, బల్ల మీది ఫ్లాపీల్ని చూసింది. ఒకదాని రేకు మెల్లగా జరిపింది. ఎర్రటి కుంకుమ ఆమె వేలికి అంటింది.

"లోపల పెట్టినారా?" అంది నాకు మాత్రమే వినపడేలా.

"ఆమా."

"జాతకం ప్రోగ్రాం?"

"తుడిచేసినా. దాని ఫ్లాపీకీ పెట్టేసినా."

ఆమె మొహంలో రంగు మారింది. "బ్యాకప్?"

"లేదు."

చప్పున పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగుతున్నాయి. అయిపోయింది, జన్మలో ఈ పిల్ల నా మొహం చూడదు అనుకున్నాను. ఏడుపొచ్చింది నాకు.

"ఏమయింది? మిషను ఏం చెప్తాంది?" అన్నాడు గోవిందస్వామిగారు.

మూలన కూర్చుని ఆకు వక్క నములుతున్న అవ్వ అందుకుంది. "ఏమయ్యేది? నిన్న పూజ చేయించుకునింది, ఇంకా నిద్ర లేవలా. మిషను ఏం చెప్పేది? నేను చెప్తా ఉండా వినండి. ఈ పిల్ల మా ఇంటి పిల్లే."

సరిగ్గా అప్పుడు, నా చెయ్యి పొరపాటున మీట మీద పడింది.

టుక్ టుక్ టుక్ టుక్.

గోవిందస్వామిగారు ఉలిక్కిపడి చిటికెలు వేశాడు. "సత్యం! సత్యం! బల్లి పలికింది!"

"తూర్పు గోడ నించి" అంది వాళ్ళావిడ, దండం పెట్టుకుంటూ.

అది బల్లి కాదండీ, గంధం మింగిన డ్రైవు అని చెప్పడానికి నేను నిజాయితీగా నోరు తెరిచాను. సుమతి నా కాలు తొక్కింది. గట్టిగానే తొక్కింది. "ఆమా నాయనా, నేనూ విన్నా" అంది అమాయకంగా.

"ఇంక జాతకాలెందుకు?" అన్నాడాయన లేచి నిలబడి. "మిషను మనిషి చేసింది, బల్లి దేవుడు చేసింది. అవ్వ నోటి మాటకు బల్లి పలికినాక వేరే పొరుత్తం చూసేదేముండాది? తాంబూలాలు తెప్పించండి!"

తెప్పించారు. పుచ్చుకున్నారు. మా నాయన ఆ రోజు నుంచి మా ఇంట్లో బల్లుల్ని తోలనివ్వలేదు.

పెళ్ళయ్యాక, బీచిలో సుండలు, అదే తాలింపు శనగలు, తింటూ అడిగాను. "ఆ పొద్దు నన్ను చూసి అంతగా నవ్వినావే, ఇట్లాంటోణ్ణి ఎందుకు చేసుకున్నావు?"

"మిమ్మల్ని చూసి నవ్వలేదు. బతికిపోతిననుకున్నా" అంది సుమతి. "మీ జాతకం మాకిచ్చినారు గదా. మా సెంటర్లో కూడా ఆ ప్రోగ్రామే ఉండాది. ముందే ఇద్దరివీ వేసి చూసినా. పది పొరుత్తాల్లో రెండే కుదిరినాయి."

సుండల పొట్లం నా చేతిలో ఆగిపోయింది. "మరెందుకు వచ్చినావు?"

"కరెంట్ పోవాలని మొక్కుకోని వచ్చినా. మీరు అంతకంటే గొప్ప పని చేసి పెట్టినారు. బ్యాకప్ ఉండాదంటారేమోనని గుండె ఆగినంత పనయింది."

"అంతగా నాలో ఏం చూసినావు?"

"కొత్త సిస్టమే అని చెప్పేటప్పుడు మీ చెవులు రెండూ ఎర్రగా అయిపాయ. అబద్ధం చెప్పను చేతగాని మొగుడు ఊరికే దొరుకుతాడా?"

సంపత్ వచ్చి డ్రైవు మార్చాడు. కొత్త సిస్టమ్‌ను సుమతే వేసింది, నన్ను ఆ గదిలోకి రానివ్వకుండా. సర్టిఫికెట్‌ను నేనే గోడ మీంచి దించి పరుపు కింద పెట్టాను.

కాబట్టి చదువరులారా, కులదేవత సాక్షిగా, చూలై వీధిలోని సకల బల్లుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్ళీ ఏ ఫ్లాపీకీ రేకు జరిపి గంధం పెట్టను. ప్రపంచంలో ఫ్లాపీలే లేకుండా పోయాయి కాబట్టి ఈ ప్రమాణాన్ని ఇంతవరకు చెక్కుచెదరకుండా నిలబెట్టుకుంటూ వస్తున్నాను.

మొన్నీమధ్య, "జాతకాల ప్రోగ్రాం ఇప్పుడు ఫోన్లోనే వస్తా ఉండాదంట, మనిద్దరివీ ఒకతూరి వేసి చూద్దామా?" అని అడిగాను.

"చూద్దాం" అంది సుమతి. "ఫోన్ ఈడ పెట్టి, ముందు పోయి గంధం తీసుకోని రండి."