కొబ్బరికాయ తగిలిన చోటు

ఏడేళ్లుగా ఒక మాట నా గొంతులోనే ఉండిపోయింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు రాయగలుగుతున్నాను.

ఉద్యోగ విరమణ తర్వాత మావారు చేపలు పట్టే సరదాకని చిన్న పడవ కొన్నారు. కొత్తగూడలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, ట్రాలీ మీద ఉండేది. మా వాచ్‌మన్ యాదగిరికి కరెంటు పని వచ్చు. నీటి లోతు కొలిచే సెన్సర్‌ను పడవ వెనక అతనే బిగించాడు. అది నిటారుగా కిందికి చూడాలట. రసమట్టం పెట్టి మరీ సరిచూశాడు. నేను పక్కనే ఉన్నాను.

పడవకు చేసే పూజకు అగ్గిపెట్టె మరిచిపోయామని మావారు పైకి వెళ్లారు. యాదగిరి చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. వర్జ్యం వచ్చేస్తోంది. తారీఖులు, ఘడియలు తప్పని మనిషిని కదా, ఆగలేకపోయాను. ట్రాలీ కమ్మీ మీద కొట్టబోయిన కొబ్బరికాయ గురి తప్పి సెన్సర్‌కు తగిలింది. అది పక్కకు ఒరిగింది. చేత్తో సర్దాను. పైసా తేడా వస్తే లెక్క మళ్లీ మొదటినుంచి వేసే నేను, దాన్ని కంటి అంచనాకు వదిలేశాను. ఎందుకు? అపశకునమంటారనా? నాకు తప్పు జరగదన్న గర్వమా?

మర్నాడు జలాశయంలో లోతు కొలిచే యంత్రం నీళ్లు లోతుగానే ఉన్నాయని చూపించింది. పడవ బండరాయికి కొట్టుకుంది. పడవలో ఉన్న మా మరిది పడిపోయి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. తిరిగొచ్చి చూస్తే సెన్సర్ వంకరగా ఉంది.

"ఏమయ్యా యాదగిరీ, బల్బు మార్చినంత తేలికనుకున్నావా?" అన్నారు మావారు.

"సీదా బిగించిన సార్. అమ్మ ఆడనే ఉన్నరు గద, జర అడుగుండ్రి."

ఇద్దరూ నావైపు చూశారు.

"నాకేం తెలుసండీ! నేను కాయ కొట్టడానికి వచ్చాను."

"గట్లనా అమ్మా," అన్నాడు యాదగిరి.

ఆ నెలాఖరుకు మావారి మాట మీద అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు అతన్ని పనిలోంచి తీసేశారు. పనితో పాటు ఉంటున్న గదీ పోయింది. భార్య, ఇద్దరు ఆడపిల్లలు, ఒక గ్యాస్ పొయ్యి, మూటలు ఆటోలో ఎక్కడం బాల్కనీలోంచి చూశాను. లింగంపల్లి వైపు వెళ్లారన్నారు. వెతకలేదు. వెతికితే దొరుకుతాడేమోనన్న భయం.

పడవ ఎప్పుడో అమ్మేశాం. ఎవరైనా పనివాళ్ల మాటెత్తితే చాలు, మావారు ఇప్పటికీ యాదగిరి కథ చెప్పి నవ్విస్తారు. నిన్న సాయంత్రం కూడా చెప్పారు. నేను కాఫీలు అందిస్తూ ఉన్నాను.

ఈ కాగితం ఆయన చేతికి ఇవ్వగలనో లేదో నాకే నమ్మకం లేదు. కానీ కాయ కొట్టింది నేను. ఒరిగిన దాన్ని కంటితో సర్దింది నేను. యాదగిరి సరిగ్గానే బిగించాడు. ఆ మాట రాశాను.