తాతబ్బాయి బాబాయి బంగాళా పెంకులు

మా వీధిలో తాటాకు కప్పడం ఏ ఒక్కరి పనీ కాదు. ఏటా వానలు పడకముందే వంతులవారీగా అందరి ఇళ్ళూ అందరూ కలిసి కప్పుకునేవాళ్ళం. కూలి లేదు. నీ ఇంటికి నేనొస్తే నా ఇంటికి నువ్వు రావాలి, అంతే. ఇంటి నడినెత్తిన కొప్పెక్కి ఆకు కట్టడం మాత్రం తాతబ్బాయి బాబాయి సొంతం. అక్కడ కూర్చున్నాడంటే కింద ఆకు అందించేవాళ్ళనీ, వంట ఆలస్యం చేసేవాళ్ళనీ వదిలిపెట్టకుండా తిట్టేవాడు. ఆ తిట్లు తలుచుకుని ఏడాదంతా నవ్వుకునేవాళ్ళం.

అలాంటివాడు 1953లో పెంకుటిల్లు కట్టాడు. కొత్తపేట నుంచి బంగాళా పెంకులు బళ్ళమీద దిగాయి. "ఇహ నిప్పు భయం లేదు, ఏటేటా మిమ్మల్ని పిలిచే బాధా లేదర్రా!" అన్నాడు మీసం దువ్వుకుంటూ. ఆ మాటే ఆయన కొంప ముంచింది.

మరుసటి వేసవిలో మా వీధి బుల్లబ్బాయి ఇల్లు కప్పుతున్నారు. బాబాయి తలకి తువ్వాలు చుట్టుకుని పొద్దుటినుంచీ అరుగు మీదే కూర్చున్నాడు. పిలుపు రాలేదు. మధ్యాహ్నానికి తానే వెళ్ళాడు.

"ఏరా బుల్లబ్బాయ్, నన్ను మర్చిపోయేవా?"

"మర్చిపోవడం కాదండి బాబాయిగారూ. మీరు మాకు చేసి పెడితే, తిరిగి మేం మీకేం చేస్తామండి? మీ పెంకులకి మా చెయ్యి అక్కర్లేదాయె. ఊరికే చేయించుకోడానికి మొహం చెల్లొద్దాండీ?"

అందులో వెటకారం లేదు. ఉంటే బాగుండేది, తిట్టి పోసేవాడు. కొప్పు మీద తన చోట కూర్చుని రాఘవులు వంకరగా ఆకు కడుతుంటే చూసి, తలకి చుట్టిన తువ్వాలు విప్పుకుని ఇంటికొచ్చేశాడు. ఆ వేసవిలో పదకొండు ఇళ్ళు కప్పారు. పదకొండు రోజులూ ఆయనకి అన్నం సహించలేదు. మా వీధి లేకపోతే బాబాయి బతకలేడని మాకు అప్పుడే తెలిసింది.

పిలుపుల్లేవంటూ బాబాయి సణిగే సణుగుడు ఏడాది పాటు భరించిన సీతారత్నం పిన్నికి చివరికి ఒళ్ళు మండింది.

"ఆ వంటింటి పెంకులు దింపించి ఆకు వేయించండి! పొయ్యి దగ్గర నేనెలాగూ ఉడికిపోతున్నాను. మీకూ పిలుపులొస్తాయి!"

బాబాయి మర్నాడే పెంకులు దింపేశాడు. గడపగడపకీ వెళ్ళి, "మా వంటిల్లు కప్పాలర్రా, సాయం రండి" అని పిలిచాడు. ఇద్దరితో అయిపోయే పనికి పద్నాలుగుమంది వచ్చారు. నవ్వు ఆపుకోలేక చేతిలో ఆకులు జార్చుకున్నారు.

చేతులు కడుక్కుంటూ బుల్లబ్బాయి అన్నాడు: "బుధవారం మా ఇల్లండి బాబాయిగారూ. కొప్పు మీరే ఎక్కాలి."

"ఆయ్" అన్నాడు బాబాయి. ఆ పూట పిన్ని ఆయనకి మూడుసార్లు అన్నం వడ్డించింది.