తప్పు పట్టినవాళ్లకే మార్కు

బీదర్‌లోని ఒక డిగ్రీ కాలేజీలో హేబ్సిబా అర్థశాస్త్రం చెప్పేది. పర్మినెంటు కాదు. ఏటా విభాగాధిపతి ఆమె పేరు పైకి పంపితేనే ఉద్యోగం. గురువు దైవమని సభలో ఊదరగొట్టే ఆ కాలేజీలో చదువంటే మేడం నోట్సు చెప్పడం, పిల్లలు రాసుకోవడం, పరీక్షలో దాన్నే కక్కడం. కొన్నేళ్లు తనూ అదే చేసి, విసిగి మానేసింది.

ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ఇంటర్నెట్‌లో పెట్టిన పాఠ్యపుస్తకం ఒకటి పట్టుకుంది. పాఠం బాగుంది గానీ ఉదాహరణలన్నీ ఈ పిల్లలెవరూ చూడని ఆపిల్ తోటలవి. వాటి బదులు బీదర్ పంటలు పెట్టి రాయమని ఏఐని అడిగింది. అది క్షణంలో రాసిచ్చింది, తప్పులతో సహా. హేబ్సిబా వాటిని చూసింది, దిద్దలేదు. అలాగే పంచిపెట్టి, ఇంట్లో చదివి వినిపించి తప్పు పట్టుకు రమ్మంది. పట్టినవాళ్లకే మార్కు.

బగ్దల్ నుంచి వచ్చే పింకి మర్నాడే లేచింది. "మేడం, కందులు దీపావళికి ఏస్తరని రాసింది. మా నాయన ఒకటే నవ్వుడు. అప్పటికి మా చేను పూత మీదుంటది."

మరి పంట బజారుకు ఎప్పుడొస్తుంది, ధర ఎప్పుడు పడుతుంది అని అడిగింది హేబ్సిబా. ఆ గంటంతా క్లాసు సంతలా మారింది.

ఆ కాగితం విభాగాధిపతి గురునాథ్ చేతిలో పడింది. చూసుకోకుండా పంచావా అని నిలదీశాడు. చూసే వదిలేశాననేసరికి ఆయనకు ఇంకా మండింది. రేపటినుంచి నోట్సు చెప్పకపోతే వచ్చే ఏడు పేరు పంపనన్నాడు. ఈ ఒక్కసారికి తల వంచమని ఇంట్లో భర్త ఏసురాజు బతిమాలాడు.

మర్నాడు గురునాథ్ వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. హేబ్సిబా కొత్త కాగితాలు పంచుతూ ఆయన ముందూ ఒకటి పెట్టింది.

"నోట్సేది హేబ్సిబమ్మా?"

"లేదు సార్. మిషన్ రాసింది నమ్మొద్దు, నేను చెప్పింది గూడ ఉత్తగనే నమ్మొద్దు అని నేర్పుతున్న. వచ్చే ఏడు మీ ఇష్టం. ఈ ఏడు ఈ క్లాసు నాది. కూసోండ్రి, మీరు గూడ ఒక తప్పు పట్టుండ్రి."

పిల్లలు నోళ్లు మూసుకుని నవ్వారు. ఆయన కాగితం ముట్టకుండా లేచి వెళ్లిపోయాడు.

అన్నట్టే మరుసటి ఏడు గురునాథ్ ఆమె పేరు పంపలేదు. హేబ్సిబా ఇప్పుడు ఇంటి ముందుగదిలో ట్యూషన్లు చెబుతోంది. ఆ పాఠాలన్నీ ఎవరైనా ఉచితంగా వాడుకోమని ఇంటర్నెట్‌లో పెట్టేసింది, తప్పులు దిద్దకుండానే, పట్టుకోమని పైన రాసి. గురునాథ్ నోట్సు చెబుతుంటే ఆయన క్లాసులోనే కొందరు బెంచీ కింద ఫోన్లో అవే చదువుతున్నారు.