క్లాసు సగటు పెంచిన థియా

థియా హాల్వర్సన్ డాక్టర్ కావాలనే ఇంజనీరింగ్‌లో చేరింది. అక్కడ ఏదో ఒక డిగ్రీ అయ్యాకే మెడిసిన్. ఆ డిగ్రీలో మెడికల్ కాలేజీలకు 'ఎ'లు కావాలి. ఆమె యూనివర్సిటీలో మాత్రం క్లాసు సగటుకు బాగా పైన ఉన్నవాళ్లకే 'ఎ', సగటు దగ్గర ఆగినవాళ్లకు 'బి'.

ఫ్లూయిడ్ మెకానిక్స్ మొదటి పరీక్షలో ఆమెకు డెబ్బై ఎనిమిది వచ్చాయి. సగటు యాభై నాలుగు. ఆ సంతోషంలో ప్రతి ఆదివారం హాస్టల్ వంటగదిలో తోటివాళ్లకు లెక్కలు చెప్పడం మొదలుపెట్టింది. రెండో పరీక్షలో ఆమెకు మళ్లీ డెబ్బై ఎనిమిదే. సగటు డెబ్బై మూడు.

ప్రొఫెసర్ కెస్లర్ ఆమె పేపరు తిరగేశాడు.

"నువ్వు ఎక్కడున్నావో అక్కడే ఉన్నావమ్మా. క్లాసే పైకి లేచింది. ఎవరో వీళ్లకి బాగా చెబుతున్నారు."

"నేనే సార్."

ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "నాకంటే బాగా చెప్పావు. బి."

"నేను డాక్టర్ని కావాలి సార్."

"అయితే ఆదివారాలు నిద్రపో."

ఆ ఆదివారం ఆమె తలుపు వేసుకుని కూర్చుంది. ఆమెలాగే మెడిసిన్‌కి వెళ్లాలనుకునే క్లాస్‌మేట్ రోర్క్ వచ్చి తలుపు బాదాడు.

"తల్లీ, ఈ పైపుల లెక్క బుర్రకెక్కట్లేదు. రేపే చివరి పరీక్ష!"

"నా ప్రాణానికి దొరికావురా. పెన్ను తెచ్చావా?"

తెచ్చాడు. అతని వెనక ఇంకో పదకొండు మంది ఉన్నారు.

రోర్క్‌కు 'ఎ' వచ్చింది, ఆమెకు 'బి'. మెడికల్ కాలేజీ అతన్ని మొదటిసారే తీసుకుంది, ఆమెను మూడోసారి తీసుకుంది. మొన్న మార్చిలో పోయేనాటికి థియా ముప్పై ఏళ్లుగా పిల్లల డాక్టరు.