సబ్బవరం దాటాక

మా జర్మన్ మేడమ్ పోయిన సంగతి నేను క్లాసులో పాఠం చెబుతుండగా తెలిసింది. వాళ్ళ వదినగారు ఫోన్ చేసి, "అమ్మాయ్, మీ మేడమ్ ఎళ్ళిపోయిందమ్మా. పొద్దున్న టీ ఇస్తే తాగింది, కాసేపు పడుకుంటానంది, మరి లేవలేదు" అన్నారు. ఏడుపు కంటే ముందు నాకొక పిచ్చి సందేహం వచ్చింది. ఆ టీ ఆవిడ అడిగి తాగారా, ఇస్తే తాగారా అని. ఎందుకొచ్చిందో చెప్పాలంటే మా బస్సు గురించి చెప్పాలి.

సమాధుల తోటలో ప్రార్థన అయ్యాక పాస్టరుగారు నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. అక్కడ చెప్పలేకపోయినవే ఇక్కడ రాస్తున్నాను.

మా కాలంలో చోడవరంలో జర్మన్ వచ్చినవాళ్ళు, నాకు తెలిసి, ఇద్దరమే. మేడమ్ విశాఖపట్నంలో ఒక డిగ్రీ కాలేజీలో జర్మన్ చెప్పేవారు. పెళ్ళి చేసుకోలేదు. అన్నావదినల దగ్గర ఉంటూ రోజూ బస్సులో వెళ్ళొచ్చేవారు. నేను అదే కాలేజీలో చేరాను. జర్మన్ మీద ప్రేమతో చేరానని చెప్పుకుంటే బాగుంటుంది కానీ అది నిజం కాదు. అడ్మిషన్ల రోజు కంప్యూటర్ల టేబుల్ దగ్గర క్యూ గుమ్మం దాటింది. జర్మన్ టేబుల్ దగ్గర మేడమ్ తప్ప ఎవరూ లేరు, పైన ఫ్యాను తిరుగుతోంది. చెమట ఆరబెట్టుకోవడానికి వెళ్ళి సంతకం పెట్టి వచ్చాను.

మర్నాడు పొద్దున్న చోడవరం బస్సు కాంప్లెక్సులో ఆవిడే పలకరించారు. "నువ్వు సోడారం గుంటవా? నిన్న సెప్పలేదేటే?" జర్మన్ ఎంత శుభ్రంగా మాట్లాడేవారో, తెలుగు అంత అచ్చంగా మా ఊరిది మాట్లాడేవారు. గుంటంటే మా వైపు ఆడపిల్ల. ఇంతలో బస్సు లోపలికి తిరిగింది. అది ఆగకముందే, గంజి పెట్టిన నేత చీరలో ఉన్న ఆ లెక్చరరు గారు నాలుగడుగులు పరుగెత్తి కిటికీలోంచి కర్చీఫ్ వేసేశారు. నేను తెల్లబోయి, "మేడమ్, జర్మన్లు ఎక్కడైనా క్యూలో నిలబడతారని నిన్న మీరే చెప్పారు కదా" అన్నాను. "అది సబ్బవరం దాటేక. ముందు ఎక్కు" అన్నారు.

ఆ కర్చీఫ్ పడిన కిటికీ సీటు మూడేళ్ళూ నాదే. మొదటి రోజు మర్యాదకి "మీరు కూర్చోండి మేడమ్" అన్నాను. "నీ ఇష్టం, నువ్వే కూకో" అన్నారు. నేను కూర్చున్నాను. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

సబ్బవరం దాకా తెలుగు, దాటాక జర్మన్. సాయంత్రం వచ్చేటప్పుడు దానికి తిరగేసి. అదీ మా బస్సు చట్టం. తెలుగులో ఇంటి సంగతులు, చర్చి సంగతులు, వదినగారి మోకాళ్ళ నొప్పులు. సబ్బవరం జంక్షను దాటగానే మేడమ్ కళ్ళజోడు సవరించుకునేవారు. అప్పటినుంచి కిటికీలోంచి కనిపించినదల్లా నేను జర్మన్లో చెప్పాలి. చెరుకు లోడు ట్రాక్టరు, గేదెలు, టిఫిన్ బండి, ఎవరిదో పెళ్ళి ఫ్లెక్సీ. మాట తెలియకపోతే చుట్టు తిప్పి చెప్పాలే తప్ప తెలుగులోకి దిగకూడదు. కండక్టరు ఒకసారి విని, "ఈ గుంటకి ఏటైందమ్మా" అని మేడమ్‌ని అడిగాడు.

ఆకురాలే కాలం మీద వాళ్ళ పద్యాలు చదువుతుంటే నాకేమీ అనిపించేది కాదు. మనకా కాలమే లేదు కదా అన్నాను. మాఘమాసంలో ఒక సాయంత్రం తిరుగు ప్రయాణంలో మేడమ్ నా భుజం తట్టి బయటికి చూపించారు. రోడ్డు పక్క టేకు చెట్లు మోడులై ఉన్నాయి, కింద వెడల్పాటి ఎండుటాకుల మీద మేకలు నడుస్తుంటే చప్పుడవుతోంది. "ఇప్పుడు సదువు" అన్నారు. చదివాను. ఆ రోజే నాకు జర్మన్ మీద నిజంగా ఇష్టం కలిగింది.

రెండో ఏడాది చివర జర్మనీనుంచి ఒక ప్రొఫెసరమ్మ మా కాలేజీకి వచ్చారు. ఒక్క విద్యార్థిని నెల రోజుల వేసవి కోర్సుకి తీసుకువెళ్తారు. క్లాసులో మార్కులు నావే ఎక్కువ. ఆవిడ నన్ను కూర్చోబెట్టి అరగంట మాట్లాడారు, అన్నిటికీ బాగానే చెప్పాను. చివర "నీకు రావాలని ఉందా?" అని అడిగారు. నేను తల వంచుకుని, తప్పులేని జర్మన్లో, "మీ ఇష్టమండి" అన్నాను. ఆవిడ కొంచెం ఆగి మళ్ళీ అడిగారు. "మీరెలా అంటే అలాగే" అన్నాను. ఆవిడ థాంక్స్ చెప్పి కాగితం మీద ఏదో రాసుకున్నారు. ఆ సీటు ఇంకో అమ్మాయికి వెళ్ళింది.

ఆ సాయంత్రం బస్సులో సబ్బవరం రాకముందే మేడమ్ చట్టం తప్పారు. "ఏటన్నావే ఆవిడతోటి?" అని తెలుగులోనే అడిగారు. చెప్పాను. ఆవిడ ముందు సీటు కమ్మీ గట్టిగా పట్టుకున్నారు.

"వద్దు వద్దంటే మనిళ్ళలో మూడోసారి కూడా వడ్డిస్తారు. ఆవిడా అలాగే బతిమాల్తాదనుకున్నావా? సెప్పకుండా అర్థం సేసుకునేవోళ్ళు మన వీధిలో ఉంటారే. సబ్బవరం దాటేక ఉండరు" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "నీ వయసులో నానూ అదే మాటన్నాను. అందుకే జర్మనీ సూడకుండా జర్మన్ సెప్తన్నాను" అన్నారు. నాకు సిగ్గు, కోపం, జాలి ఒక్కసారే కలిగాయి. ఆ జాలి ఎవరిమీదో అప్పుడు తెలియలేదు.

మర్నాటినుంచి కొత్త పాఠం. సబ్బవరం దాటగానే నాకు కావాల్సినవి మూడు చెప్పాలి. మొదటి రోజు, "బస్సు త్వరగా వెళ్ళాలి" అన్నాను. "అది డ్రైవరుక్కూడా కావాలి. నీకేం కావాలి?" అన్నారు. నాకేం కావాలో నిజంగా తెలియలేదు. పెందుర్తి దాకా ఆలోచించి, "చెప్పులు కావాలి, ఇవి కరుస్తున్నాయి" అన్నాను. మేడమ్ పెద్ద ర్యాంకు వచ్చినంత సంతోషపడ్డారు. అలా ఏడాదంతా రోజుకి మూడు చెప్పాను. నెమ్మదిగా చెప్పుల నుంచి చదువు దాకా వచ్చాను. హైదరాబాదులో జర్మన్ ఎం.ఏ. చెయ్యాలని ఉందని మొదట ఆ బస్సులోనే, ఆ భాషలోనే బయటికి అన్నాను.

కానీ మా నాన్నకి జర్మన్ రాదు. బుచ్చయ్యపేట మండలాఫీసులో ఆయన ఉద్యోగం. డిగ్రీ అవగానే నన్ను బ్యాంకు పరీక్షల కోచింగులో చేర్చడానికి మాట్లాడేసి వచ్చారు. మీరొచ్చి చెప్పండని మేడమ్‌ని బతిమాలాను. "నాను సెప్తే అది నా కోరికవుద్దే. నువ్వే సెప్పు" అని ఒక్క మాటతో తేల్చేశారు.

పొద్దున్న నాన్న ఆఫీసుకి బయల్దేరుతూ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నారు. "నాన్నా, నాకు బ్యాంకు వద్దు. జర్మన్ ఎం.ఏ. చెయ్యాలనుంది" అన్నాను. ఆయన గుండీ మీద వేలు ఆపి నన్ను చూశారు.

"మరి బ్యాంకు నీకిష్టం కాదేటి?"

"కాదు నాన్నా."

"అడిగినప్పుడల్లా నీ ఇష్టం నాన్నా అన్నావు. నాకెలా తెలుస్తాది?" అన్నారు. కోపం కాదు, ఆశ్చర్యం. ఆ నెలలోనే నన్ను హైదరాబాదు తీసుకెళ్ళి హాస్టల్లో దింపింది ఆయనే.

ఇప్పుడు నేను విశాఖపట్నంలో, జర్మనీ ఆసుపత్రులకి వెళ్ళబోయే నర్సు పిల్లలకి జర్మన్ చెబుతున్నాను. చోడవరానికి అవతల చీడికాడ నుంచి కూడా వస్తారు. ఏది అడిగినా "మీ ఇష్టం మేడమ్" అంటారు. నవ్వుకుని, మూడు చెప్పమంటాను.

మేడమ్ రిటైరయ్యాక మంచాన పడుతూ లేస్తూ ఉండేవారు. మూడు నెలల కిందట చూడ్డానికి వెళ్ళాను. వదినగారు వంటింట్లోంచి, "కూరేటి సెయ్యమంటావు?" అని అడిగారు. "నీ ఇష్టం వదినా" అన్నారు మేడమ్. వినగానే నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళూ మాకు నేర్పి తను మాత్రం ఇక్కడే ఉండిపోయారా అనిపించింది. జర్మన్లో అడిగాను. "మేడమ్, మీకేం కావాలి? మూడు చెప్పండి."

"నన్నే పరీక్ష సేస్తన్నావేటే" అని నవ్వారు. నేను నవ్వలేదు. కళ్ళజోడు సవరించుకున్నారు. తర్వాత జర్మన్లో, మెల్లగా, "ఆనపకాయ కూర వద్దు. నాకెప్పుడూ ఇష్టం లేదు" అన్నారు.

"ఏటంటంది?" అని వదినగారు తొంగి చూశారు. చెప్పాను. గరిటెతో సహా అలాగే నిలబడిపోయి, "ముప్పై ఏళ్ళుగా నీకిష్టమనే వండుతన్నాను కదే" అన్నారు. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు.

"రెండోది?" అన్నాను.

"సబ్బవరం దాకా బస్సులో వెళ్ళి రావాలి."

"మూడోది?"

మేడమ్ దుప్పటి అంచు మడిచారు, విప్పారు. "కిటికీ సీటు. ఆ మూడేళ్ళూ నాకూ అదే కావాలి" అన్నారు.

మర్నాడు ఎండెక్కకముందే కాంప్లెక్సుకి వెళ్ళాం. బస్సు ఆగకముందే పరుగెత్తి కర్చీఫ్ వేశాను. ఆవిడ చెయ్యి పట్టుకుని ఎక్కించి కిటికీ పక్కన కూర్చోబెట్టాను. బస్సు కదిలింది. సబ్బవరం ఇంకా చాలా దూరం ఉంది, అయినా మేడమ్ ఆగలేదు. గాలికి తెల్లజుట్టు ముఖం మీద పడుతుంటే తోసుకుంటూ, చెరుకు తోటలు, గేదెలు, టిఫిన్ బండి, కనిపించినదల్లా జర్మన్లో చెబుతూ పోయారు. దారంతా ఒక్కసారి కూడా నావైపు తిరగలేదు.